దూది నుసిలో గాజుపోగు

గుంటూరు నుంచి చిలకలూరిపేటకు సాగే 16వ నంబరు జాతీయ రహదారి పక్కన, కొండవీటి కొండల చేరువలో, పల్నాడు జిల్లా ఎడ్లపాడు మండలం ఉంది. ఈ మండలంలోనూ దాని పరిసరాల్లోనూ పత్తి నుంచి గింజను వేరుచేసే జిన్నింగు మిల్లులు, నూలు వడికే స్పిన్నింగు మిల్లులు, మిర్చి టిక్కీలను నిలువచేసే కోల్డ్ స్టోరేజీలు, వంకాయలపాడు వద్ద సుగంధద్రవ్యాల బోర్డు నెలకొల్పిన స్పైసెస్ పార్కు దగ్గరదగ్గరగా ఉన్నాయి. ఇటువంటి సంస్థల్లో గేటు దగ్గరి వేబ్రిడ్జి తూకాన్ని ఆఫీసుకు పంపాలి, మోటార్ల వేగాన్ని మార్చే డ్రైవులు కంట్రోల్ రూము ఆజ్ఞలను అందుకోవాలి, యంత్రాలను క్రమం తప్పకుండా నడిపించే పీఎల్‌సీ అనే చిన్న కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి, వాటితోపాటు కెమెరాల దృశ్యాలూ అదే దారిన ప్రయాణించాలి. ఈ పరికరాలన్నిటినీ కలిపే అల్లికనే పారిశ్రామిక నెట్‌వర్క్ అంటారు. ఆ అల్లికకు గాజుపోగును, అంటే ఆప్టికల్ ఫైబర్‌ను ఎంచుకునేటప్పుడు ఏ కేబుల్ కొనాలి, దాని చివర ఏ కనెక్టర్ ఉండాలి అన్నదే ఈ రేడియో ప్రసంగ విషయం.

రాగి తీగ ఉండగా గాజుపోగు ఎందుకన్న ప్రశ్నకు మొదటి జవాబు దూరం. మామూలు ఈథర్‌నెట్ రాగి కేబుల్‌కు 100 మీటర్లే పరిమితి కాగా, ఒక జిన్నింగు మిల్లులో గేటు నుంచి బేళ్ళ గోదాము దాకా ఉండే దూరమే దానికి ఎన్నో రెట్లు ఉండవచ్చు. అయితే దూరం కంటే బలమైన కారణాలు వేరే ఉన్నాయి. డ్రైవులు మోటారుకు పంపే కరెంటును సెకనుకు వేలసార్లు కోసి అతుకుతాయి కాబట్టి వాటి పక్కన సాగే రాగి తీగలో ఆ అలజడి చొరబడి సమాచారాన్ని చెడగొడుతుంది. రెండు షెడ్లకు వేర్వేరు ఎర్తింగు ఉన్నప్పుడు వాటి మధ్య వోల్టేజి తేడా ఏర్పడుతుంది, దగ్గరలో పిడుగు పడిన క్షణంలో అది విపరీతంగా పెరుగుతుంది, రెండు షెడ్లనూ కలిపే రాగి తీగ ఆ తేడాను నేరుగా, నెట్‌వర్క్ పరికరాలను కలిపే స్విచ్చి అనే పెట్టెలోకి మోసుకువస్తుంది. కోల్డ్ స్టోరేజీ యంత్రశాలల్లో వాడే అమోనియా తేమతో కలిసినప్పుడు రాగినీ ఇత్తడినీ తినేస్తుంది. గాజుపోగు లోహం కాకపోవడం వల్ల, అందులో ప్రవహించేది కరెంటు కాక వెలుగు కావడం వల్ల ఈ మూడు బాధలూ దాన్ని అంటవు.

దాని బాధ మరొకటి ఉంది. అది అర్థం కావాలంటే పోగు నిర్మాణాన్ని కొంత తెలుసుకోవాలి. ఆప్టికల్ ఫైబర్ నడిమధ్యన వెలుగు ప్రయాణించే భాగాన్ని కోర్ అంటారు; దాని చుట్టూ, వెలుగు బయటికి జారిపోకుండా లోపలికే తిప్పిపంపే మరో గాజు పొర ఉంటుంది, దీన్ని క్లాడింగ్ అంటారు; ఈ రెండూ కలిసి 125 మైక్రాన్ల మందం, అంటే ఒక మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. కోర్ సుమారు 9 మైక్రాన్లు ఉంటే వెలుగు ఒకే దారిన సాగుతుంది కాబట్టి దాన్ని సింగిల్‌మోడ్ అనీ, 50 లేదా 62.5 మైక్రాన్లు ఉంటే వెలుగు అనేక దారుల్లో సాగుతుంది కాబట్టి మల్టీమోడ్ అనీ పిలుస్తారు. ఇక్కడ పత్తి తెలిసిన ప్రాంతానికి మాత్రమే సహజంగా తట్టే పోలిక ఒకటుంది: ఒక్క పత్తి పోగు వెడల్పు దాదాపు 12 నుంచి 20 మైక్రాన్లు. అంటే జిన్నింగు షెడ్డు గాలిలో కంటికి ఆనకుండా తేలుతూ వచ్చిన ఒకే ఒక్క పత్తి పోగు కనెక్టర్ మొన మీద అడ్డంగా వాలితే, సింగిల్‌మోడ్ కోర్ మొత్తాన్నీ కప్పివేయగలదు. వెలుగును కిలోమీటర్ల కొద్దీ మోయగల గాజు, మిల్లు తయారుచేసే సరుకులో అతి చిన్న పోగు ముందు ఓడిపోతుంది. ఎడ్లపాడు వంటి చోట కేబుల్, కనెక్టర్ల ఎంపిక అంతా ఈ ఒక్క కొలత చుట్టూ తిరగవలసి ఉంటుంది.

గాజులో వెలుగును దూరం పంపవచ్చునన్న నమ్మకం కుదరడానికి చాలా కాలం పట్టింది. పంజాబులోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ 1954లో గాజుపోగుల కట్ట ద్వారా బొమ్మను పంపవచ్చునని హెచ్.హెచ్. హాప్కిన్స్‌తో కలిసి ప్రకటించినా, అప్పటి గాజు కొద్ది మీటర్లకే వెలుగును మింగేసేది. ఆ దోషం గాజుది కాదనీ గాజులోని మలినాలదనీ 1966లో జార్జ్ హాకమ్‌తో కలిసి చెప్పిన చార్లెస్ కావోకు 2009లో నోబెల్ బహుమతి దక్కింది. 1970లో అమెరికాలోని కార్నింగ్ సంస్థ కిలోమీటరుకు 20 డెసిబెళ్ళ కంటే తక్కువ నష్టం ఉన్న పోగును తీసింది. డెసిబెల్ అనేది వెలుగు ఎంత తరిగిందో చెప్పే కొలమానం: 3 డెసిబెళ్ళ నష్టమంటే వెలుగు సగానికి, 10 డెసిబెళ్ళంటే పదో వంతుకు తగ్గినట్లు. నేటి సింగిల్‌మోడ్ పోగు 1310 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద కిలోమీటరుకు 0.4 డెసిబెల్‌కు మించి పోగొట్టుకోదు. పోగు లోపలి మలినం సంగతి ఆ విధంగా తేలిపోయింది; పోగు చివరి మలినం మాత్రం ప్రతి మిల్లులోనూ ప్రతిరోజూ తేల్చుకోవలసినదిగా మిగిలింది.

సింగిల్‌మోడ్, మల్టీమోడ్‌లలో ఏది కావాలన్నది సాధారణంగా మొదట ఎదురయ్యే ప్రశ్న. మల్టీమోడ్‌లో పాత 62.5 మైక్రాన్ల పోగును ఓఎం1 అనీ, 50 మైక్రాన్ల పోగులను నాణ్యతను బట్టి ఓఎం2 నుంచి ఓఎం5 వరకూ అనీ వర్గీకరిస్తారు. అనేక దారుల్లో సాగే వెలుగు ఒకేసారి గమ్యం చేరదు కాబట్టి, ఒక మెరుపు వెనక మరో మెరుపు వేగంగా పంపినప్పుడు అవి చివర ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి; అందువల్ల వేగం పెరిగినకొద్దీ మల్టీమోడ్ చేరగల దూరం కుంచించుకుపోతుంది. సెకనుకు 100 మెగాబిట్ల వేగంలో 2 కిలోమీటర్లు వెళ్ళే మల్టీమోడ్, గిగాబిట్ వేగంలో 50 మైక్రాన్ల పోగు మీద 550 మీటర్లకూ, ఓఎం1 మీద 275 మీటర్లకూ, 10 గిగాబిట్ వేగంలో ఓఎం3 మీద 300 మీటర్లకూ, ఓఎం1 మీద 33 మీటర్లకూ పడిపోతుంది. పదిహేనేళ్ళ కిందట ఓఎం1 పరచుకున్న మిల్లు కొత్త స్విచ్చి కొన్న రోజున మాత్రమే ఈ లెక్కతో ముఖాముఖి అవుతుంది.

సింగిల్‌మోడ్‌కు మిల్లు ఆవరణలో ఇటువంటి పరిమితి ఎదురుకాదు. వెలుగును పుట్టించి గ్రహించే ఎస్‌ఎఫ్‌పీ అనే వేలెడంత పరికరం సింగిల్‌మోడ్‌కు ఒకప్పుడు చాలా ఖరీదుగా ఉండేది. గిగాబిట్ స్థాయిలో ఇప్పుడున్న కొద్దిపాటి తేడా, నేలలో వేసిన కేబుల్‌ను తవ్వి మళ్ళీ వేయించే ఖర్చు ముందు ఎంచదగినది కాదు. కాబట్టి షెడ్డు నుంచి షెడ్డుకు వెళ్ళే ప్రధాన మార్గానికి, ఓఎస్2 లేదా జీ.652.డీ అని గుర్తింపు ఉన్న సింగిల్‌మోడ్‌నే ఎంచుకోవడం సబబు. సింగిల్‌మోడ్ దుమ్ముకు మల్టీమోడ్ కంటే ఎక్కువ సున్నితం అన్న అభ్యంతరం నిజమే. దానికి మందు పోగును మార్చడంలో కంటే, దుమ్ము గాలిలో తెరుచుకునే చివరల సంఖ్యను తగ్గించడంలో ఉంది. పాత యంత్రం మల్టీమోడ్ మాత్రమే స్వీకరించే పక్షంలో ఆ ఒక్క చోట, ఒక రకం పోగులోని సంకేతాన్ని మరో రకానికి మార్చే మీడియా కన్వర్టర్ పెట్టవచ్చు గాని, 50 మైక్రాన్ల కేబుల్‌కు 62.5 మైక్రాన్ల ప్యాచ్ కార్డునో (పరికరానికి తగిలించే పొట్టి కేబుల్), మల్టీమోడ్‌కు సింగిల్‌మోడ్‌నో నేరుగా తగిలించకూడదు. పెద్ద కోర్ నుంచి చిన్న కోర్‌లోకి వెళ్ళేటప్పుడు, పెద్ద కాలువ నీటిని చిన్న తూములోకి మళ్ళించినట్లుగా, వెలుగులో చాలా భాగం గట్టుపాలవుతుంది.

ఎంపిక సరైనదో కాదో కాగితం మీదే చూసుకునే పద్ధతిని లింక్ బడ్జెట్ అంటారు. గేటు దగ్గరి వేబ్రిడ్జి నుంచి కంట్రోల్ రూముకు 800 మీటర్ల సింగిల్‌మోడ్ మార్గం ఉందనుకుంటే, పోగులో పోయేది 0.32 డెసిబెల్, రెండు చివరలా ఒక్కొక్క అతుకు చొప్పున, అమెరికాలోని టీఐఏ ప్రమాణం అనుమతించే గరిష్ఠ విలువ 0.3 లెక్కన 0.6, రెండు చివరలా ఒక్కొక్క కనెక్టర్ జత చొప్పున, గరిష్ఠ విలువ 0.75 లెక్కన 1.5. మొత్తం 2.42 డెసిబెళ్ళు. గిగాబిట్ ఎల్‌ఎక్స్ రకం ఎస్‌ఎఫ్‌పీకి సింగిల్‌మోడ్ మీద ప్రమాణం ఇచ్చే వెసులుబాటు 8 డెసిబెళ్ళు కాబట్టి 5.5 డెసిబెళ్ళకు పైగా మిగులుతుంది. ఈ లెక్కలో అందరి దృష్టీ దూరం మీద ఉంటుంది కాని, 800 మీటర్ల గాజు మొత్తం తిన్నదానికి నాలుగు రెట్లకు పైగా రెండు కనెక్టర్ జతలకే కేటాయించవలసి వచ్చింది, అదీ అవి శుభ్రంగా ఉన్నాయన్న షరతు మీద. దూరం తక్కువే కదా అని 80 కిలోమీటర్లకు ఉద్దేశించిన ఎస్‌ఎఫ్‌పీని తెచ్చి తగిలించడమూ పొరపాటే. దాని వెలుగు ధాటికి అవతలి గ్రాహకం పాడయ్యే ప్రమాదం ఉంది.

కేబుల్ పైతొడుగు ఎంపికను ఊరి నేల నిర్ణయిస్తుంది. ఈ ప్రాంతపు నల్లరేగడి వానల్లో ఉబ్బి, వేసవిలో చెయ్యి దూరేంత పగుళ్ళు తీస్తుంది. ఆ కదలిక నేరుగా పోగుల మీద పడకుండా పోగులను గొట్టంలో వదులుగా ఉంచే లూజ్‌ట్యూబ్ కేబుల్‌ను, హెచ్‌డీపీఈ పైపులో, మలుపుల దగ్గర ఛాంబర్లు కట్టి వాటిలో కొన్ని మీటర్ల చుట్ట వదిలి వేయాలి. మిర్చి, ధాన్యం, పత్తిగింజ నిలువ ఉండే చోట పందికొక్కుల బెడద చెప్పనక్కరలేదు. వాటి పళ్ళకు ప్లాస్టిక్ తొడుగు ఒక లెక్క కాదు. అందుకు ముడతలు తీసిన ఉక్కు రేకు చుట్టిన ఆర్మర్డ్ కేబుల్ వాడతారు. అయితే ఆ ఉక్కు రేకు కరెంటును మోయగలది కాబట్టి, షెడ్డులోకి ప్రవేశించే చోట దాన్ని ఎర్త్ చేయకుండా వదిలేస్తే, పిడుగు భయంతో రాగిని వదిలి గాజును తెచ్చుకున్న ప్రయోజనం అక్కడికక్కడే పోతుంది. హైటెన్షన్ లైన్ల పక్కనా, స్తంభాల మీదా ఏ లోహమూ లేని కేబుల్ మేలు. 2017 డిసెంబరులో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ విద్యుత్ స్తంభాల మీదుగానే కేబుల్ లాగడం వల్ల స్తంభం మీది ఫైబర్ పల్లెల్లోనూ పరిచితమైన దృశ్యమే, కాని మిల్లు ఆవరణలో ఎత్తుగా బేళ్ళు వేసుకుని లారీలు తిరిగే దారికి అడ్డంగా వేలాడే కేబుల్ ఎంతకాలం నిలుస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

ఎండ తగిలే చోట బొగ్గుపొడి కలిపిన నల్లని పాలిథీన్ తొడుగు అతినీల కిరణాలను తట్టుకుంటుంది; అదే తొడుగు షెడ్డు లోపల నిప్పంటుకుంటే మంటను మోసుకుపోతుంది కాబట్టి, లోపలికి ఎల్‌ఎస్‌జెడ్‌హెచ్ అనే, పొగ తక్కువగా వచ్చి క్లోరిన్ వంటి విషవాయువులు వదలని తొడుగు కావాలి. దూది షెడ్డులో నిప్పు అంటే ఏమిటో ఇక్కడివారికి వివరించవలసిన పని లేదు. కేబుల్ లాగేటప్పుడు దాని మందానికి 20 రెట్లు, బిగించిన తరువాత 10 రెట్లు తక్కువ కాని వంపు ఉండాలన్నది వాడుకలో ఉన్న నియమం. 12 మిల్లీమీటర్ల కేబుల్‌కు ఇవి 24, 12 సెంటీమీటర్లు. యంత్రం లోపలి ఇరుకు మలుపుల కోసం 7.5 మిల్లీమీటర్ల వంపును కూడా తట్టుకునే జీ.657.ఏ2 రకం పోగుతో చేసిన ప్యాచ్ కార్డులు దొరుకుతాయి.

ఇక కనెక్టర్లు. పోగు చివరను ఫెర్రూల్ అనే సిరామిక్ కడ్డీలో బిగించి, మొన నున్నగా సానబెట్టి, ఎదుటి కడ్డీకి సరిగ్గా ఆనేలా పట్టి ఉంచడమే కనెక్టర్ పని. చొప్పించి కొద్దిగా తిప్పితే బిగిసే ఎస్‌టీ, మరతో బిగిసే ఎఫ్‌సీ, నెడితే టక్కున కూర్చునే చదరపు ఎస్‌సీ, ఈ మూడింటికీ 2.5 మిల్లీమీటర్ల ఫెర్రూల్ ఉంటుంది. తరువాత వచ్చిన ఎల్‌సీకి అందులో సగం, 1.25 మిల్లీమీటర్లు. పాత పారిశ్రామిక పరికరాల్లో ఎస్‌టీ, ఎస్‌సీ ఎక్కువగా కనిపించినా, ఎస్‌ఎఫ్‌పీ గుంట ఉన్న స్విచ్చిలన్నీ దాదాపుగా ఎల్‌సీనే కోరతాయి. కొత్తగా కొనేవారు ఎల్‌సీ వైపే మొగ్గడం మంచిది; అయితే దాని బుల్లి ప్లాస్టిక్ కొక్కెం చేతి మొరటుతనానికి విరిగిపోతుందన్న ఫిర్యాదులో నిజం లేకపోలేదు.

కనెక్టర్ ఆకారం కుదిరినంత మాత్రాన మొన కుదిరినట్లు కాదు. యూపీసీ రకంలో మొన దాదాపు అడ్డంగా, ఏపీసీ రకంలో 8 డిగ్రీల ఏటవాలుగా సానబెట్టి ఉంటుంది; ఏటవాలు మొన, వెనక్కి తిరిగే వెలుగును కోర్ బయటికి పంపేస్తుంది. రేడియోలో రంగులు చూపే వీలు లేదు గాని గుర్తుంచుకోవలసినది రంగే: సింగిల్‌మోడ్ యూపీసీ నీలం, ఏపీసీ ఆకుపచ్చ, మల్టీమోడ్ లేతగోధుమ. ఇళ్ళకు ఇంటర్నెట్ తెచ్చే ఫైబర్ చివర సాధారణంగా ఆకుపచ్చ ఎస్‌సీ ఉంటుంది. పారిశ్రామిక స్విచ్చిలకు సాధారణంగా నీలం కావాలి. ఇంటి కనెక్షన్లకు అలవాటుపడిన చేయి ఆకుపచ్చ ప్యాచ్ కార్డును నీలం గుంటలో పెడితే అది సుఖంగానే కూర్చుంటుంది, లోపల మాత్రం ఒక మొన అడ్డంగా మరొకటి ఏటవాలుగా ఉండటంతో మధ్యన గాలి సందు మిగిలి అనేక డెసిబెళ్ళు హరించుకుపోతాయి. కేబుల్ తొడుగు రంగులకూ ఇదే ప్రాముఖ్యం ఉంది: లోపలి వాడకపు సింగిల్‌మోడ్ పసుపు, ఓఎం1, ఓఎం2 నారింజ, ఓఎం3 సముద్రపు నీలి ఆకుపచ్చ.

మిల్లు లోపల కనెక్టర్‌ను ఎక్కడ తెరవాలన్నదే అసలైన నిర్ణయం. బయటి నుంచి వచ్చే కేబుల్‌ను, ఫ్యాక్టరీలోనే సానబెట్టిన కనెక్టర్ ఉన్న పిగ్‌టెయిల్ అనే చిన్న ముక్కకు ఫ్యూజన్ స్ప్లైసింగ్ ద్వారా, అంటే రెండు గాజు మొనలను విద్యుత్ మెరుపుతో కరిగించి అతికి, ఎల్‌ఐయూ అనే పెట్టెలో భద్రపరుస్తారు. కరిగించిన అతుకులోకి దుమ్ము దూరదు, దాని నష్టం కూడా సాధారణంగా 0.1 డెసిబెల్‌కు లోపే. ఈ పెట్టెనూ స్విచ్చినీ ఒకే రబ్బరు సీలు ఉన్న ప్యానల్‌లో ఉంచి, కేబుల్ దూరే రంధ్రాలకు గ్లాండ్లు బిగిస్తే, నుసి ఎగిరే గాలిలో ఒక్క కనెక్టర్ కూడా తెరుచుకోవలసిన అవసరం రాదు. దూదిని విడదీసి శుభ్రపరిచే బ్లో రూములోనో జిన్నింగు యంత్రం పక్కనో ప్యానల్ బయట కలపక తప్పని చోట మాత్రం ఐపీ67 కవచం ఉన్న ఎల్‌సీ కనెక్టర్లు వాడాలి. ఇందులో 6 దుమ్ము ఏమాత్రం చొరబడదని, 7 ఒక మీటరు నీటిలో అరగంట మునిగినా తట్టుకుంటుందని తెలిపే అంకెలు. తరచుగా విప్పి తగిలించవలసిన చోటుకు ఎక్స్‌పాండెడ్ బీమ్ కనెక్టర్ అని మరొకటి ఉంది: దీనిలో రెండు గాజు మొనలు ఒకదానికొకటి ఆనవు, చిన్న కటకం వెలుగును కోర్ కంటే ఎన్నో రెట్లు వెడల్పు చేసి ఎదుటి కటకానికి పంపుతుంది. అంత వెడల్పయిన వెలుగు దారిలో పత్తి పోగు పడినా అడ్డగించేది కొద్ది భాగాన్నే. ఖరీదూ నష్టమూ రెండూ ఎక్కువ కాబట్టి అన్నిచోట్లా దీన్ని కోరడం దండగ.

శుభ్రపరిచే పద్ధతిలో ఈ ప్రాంతపు మిల్లు అలవాట్లు రెండు అడ్డం వస్తాయి. యంత్రాల మీది నుసిని కంప్రెసర్ గాలితో ఊదడం మిల్లు కార్మికులకు నిత్యకృత్యం. ఆ గాలిలో నూనె తుంపర, తేమ ఉంటాయి కాబట్టి అదే గొట్టం కనెక్టర్ వైపు తిప్పితే దుమ్ము పోయి జిడ్డు మిగులుతుంది. రెండో అలవాటు, చేతికందిన దూదితో తుడవడం; ఈ ఊళ్ళో దానికి కొదవ లేకపోయినా, తుడిచిన ప్రతిసారీ అది రెండు పోగులు వదిలివెళుతుంది. నుసి రాలని ప్రత్యేక గుడ్డ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, లేదా ఒక నొక్కుతో మొనను తుడిచే పెన్ను వంటి సాధనం వాడాలి. ఆ తరువాత చిన్న మైక్రోస్కోపుతో మొనను చూసి, అప్పుడే తగిలించాలి. ఆ చూపు కూడా అవతలి చివర వెలుగు ఆపివేసిన తరువాతే సాగాలి, ఎందుకంటే 1310 నానోమీటర్ల వెలుగు కంటికి కనిపించదు, కనిపించకుండానే కంటికి హాని చేయగలదు.

వేసవి గురించి ఒక మాట. రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతలకు పేరుపడ్డ రెంటచింతల ఇదే పల్నాడు జిల్లాలో ఉంది. రేకుల షెడ్డు కింద మూసి ఉన్న ప్యానల్ లోపలి వేడి బయటి వేడి కంటే ఎంతో ఎక్కువగా ఉంటుంది. ఆఫీసు కోసం చేసిన సాధారణ ఎస్‌ఎఫ్‌పీలు 70 డిగ్రీల వరకే హామీ ఇస్తాయి, పారిశ్రామిక శ్రేణివి మైనస్ 40 నుంచి 85 డిగ్రీల దాకా ఇస్తాయి. మంచి స్విచ్చి కొని అందులో చవక ఎస్‌ఎఫ్‌పీ పెట్టి, మే నెల మధ్యాహ్నాల్లో లైను పోతోందని కేబుల్‌ను తప్పుబట్టడం వల్ల ప్రయోజనం లేదు. కోల్డ్ స్టోరేజీలో దీనికి వ్యతిరేకమైన చిక్కు ఉంటుంది: చల్లని గది నుంచి వేడి వరండాలోకి తెచ్చిన కనెక్టర్ మొన మీద తేమ చెమ్మగిల్లుతుంది కాబట్టి, అది ఆరేదాకా తగిలించకూడదు.

పని ముగిసిన రోజున ఓటీడీఆర్ అనే సాధనంతో ప్రతి పోగునూ కొలిపించి, ఏ మీటరు దగ్గర ఎంత నష్టం ఉందో చూపే గీతను దాచుకోవాలి. రెండేళ్ళ తరువాత లైను తెగినప్పుడు ఎక్కడ తవ్వాలో చెప్పేది ఆ గీతే. 12 పోగుల కేబుల్‌లో నాలుగే వాడుకలో ఉంటే మిగిలిన ఎనిమిదింటినీ పిగ్‌టెయిల్స్‌కు అతికించి, మూతలు పెట్టి ఉంచాలి. ఆ మూతలు కూడా దుమ్ము లేనివేమీ కావు. నెలల తరబడి మూత కింద ఉన్న కనెక్టర్‌ను సైతం తుడవకుండా, మైక్రోస్కోపు కింద చూడకుండా స్విచ్చికి పెట్టరాదు.